ఇంటికొక మనిషి

ఫిబ్రవరి 1, ఆదివారం

ఇవాళ చర్చావేదికలో నా మాటే నెగ్గింది. నెగ్గిన రోజు నాకు డైరీ రాయబుద్ధవుతుంది. ఓడిన రోజు కళ్లు మంటలని పడుకుంటాను.

ఏదో దేశంలో ఒకడు సంతలో జనం మీదికి వ్యాను ఎక్కించాడట. పద్నాలుగు మంది పోయారు. వాడు ఉగ్రవాదా, పిచ్చివాడా అన్నది ఇవాళ్టి విషయం. పార్కులో నడక పూర్తి చేసి, ఇడ్లీ సాంబారు తిని, పదహారు మందిమి కూర్చుని తేల్చాం. పోయినవాళ్లకంటే తేల్చేవాళ్లమే ఇద్దరం ఎక్కువ.

అధ్యక్షులు జానకిరామ్ గారు, రిటైరైన పొలిటికల్ సైన్స్ లెక్చరరు. దేశాలన్నీ కలిసి ఇన్నేళ్లు కూర్చున్నా ఉగ్రవాదమంటే ఏమిటన్న దాని మీద ఒక ఒప్పందానికి రాలేకపోయాయి అని ఆయన మొదలుపెట్టారు. దేశాలు తేల్చలేకపోతే నేను ఊరుకుంటానా? లేచాను. దానికి మూడు గుర్తులున్నాయండీ అన్నాను. మొదటిది, ముందే అనుకుని చెయ్యాలి. రెండోది, ఫలానా మనిషి అని చూడకుండా ఆ గుంపులో ఎవడు దొరికినా సరే అనుకోవాలి. మూడోది, చచ్చినవాళ్ల మీద కోపం తీర్చుకోవడానికి కాకుండా మిగిలినవాళ్లకు బుద్ధి చెప్పడానికి చెయ్యాలి. "అది ఉత్తరం లాంటిదండీ. చచ్చినవాడి ఒంటి మీద రాస్తారు. అడ్రసు మాత్రం బతికున్నవాళ్లది" అని ముగించాను. చప్పట్లు. జానకిరామ్ గారు ఆ మాట నోటుపుస్తకంలో ఎక్కించుకున్నారు. ఐదో తరగతితో బడి మానేసి, పొట్లాలు కట్టిన కాగితాలు చదివి ఇంతటివాణ్ణయిన నా మాటని ఒక ఎం.ఏ. రాసుకోవడం! ఇంటికొచ్చి మా ఆవిడ రామతులసికి చెబితే, "పొయ్యి మీద పాలున్నాయి, కాస్త చూడండి" అంది.

తిరిగొచ్చేటప్పుడు అబ్రహాము నాతో నడిచాడు. రైల్వే లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పదకొండేళ్లుగా నాకు నడక జోడీ. రోజూ గుణదల కొండ కింద టీ తాగుతాం. ఇంట్లోకి రమ్మని ఎన్నిసార్లు పిలిచినా నేను గేటు దగ్గరే ఆగిపోతాను. వాళ్లది మేడ మీది వాటా, నావి మోకాళ్ల నొప్పులు.

"అన్నగారూ, మీ మూడు గుర్తులూ మా అక్కకు చెబుతాను. వచ్చే ఆదివారం ఆవిణ్ణి తీసుకొస్తా. ఆవిడకో అనుమానం ఉంది, ఎప్పట్నుంచో" అన్నాడు.

వాళ్ల అక్క శౌరమ్మ. ఆవిడ మెట్టినూరు వెదుళ్లపాడు.

సరే, ఇవాళ్టికి చాలు.

ఫిబ్రవరి 2

రాయడానికేమీ లేదు. బీపీ మాత్ర రెండుసార్లు వేసుకున్నాను, ఒకసారి మర్చిపోయి.

ఫిబ్రవరి 4, బుధవారం

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. తెలిసిన సంగతే మళ్లీ రాసుకోవడం దేనికంటే, వరసలో పెట్టుకుందామని. కలగాపులగంగా ఉంటే నిద్ర పట్టదు.

వెదుళ్లపాడు మా సొంతూరు. అబ్రహాముకి గుడివాడ వైపు అని చెప్పాను. వెదుళ్లపాడు గుడివాడ వైపే కదా, అందులో అబద్ధమేం లేదు. ఆయన అక్కది ఆ ఊరేనని తెలిసేసరికి మా స్నేహానికి మూడో ఏడు. అప్పటికి టీ అలవాటైపోయింది.

ఊళ్లో నాకు మైకు సెట్టుండేది. మాకున్నది ఎకరంపావు పొలం. దాని మీద బతకలేక, సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఆంప్లిఫయరు, రెండు గొట్టాలు, ఒక గ్రామఫోను కొన్నాను. పెళ్లికి నేను, చావుకు నేను, ఎన్నికలకు రెండు పార్టీలకూ నేనే. ఒకసారి నాటకంలో రాజు వేషగాడు తాగి పడిపోతే, వాడు పెదాలు ఆడిస్తుంటే తెర వెనక నుంచి రాజు మాటలన్నీ నేనే చెప్పాను. మర్నాడు జనం వాణ్ణి భుజాల మీద మోశారు. నన్ను ఎవరూ మొయ్యలేదు. "ఒరే మైకూ" అని పిలిచేవాళ్లు. పేరెట్టి పిలిచినవాళ్లను వేళ్ల మీద చెప్పగలను.

అయితే ఏటా వేసవిలో ఒక రోజు నాది. కాలువకు నీళ్లు ఆపేశాక పూడిక తియ్యాలి. ఇంటికొక మనిషి వెళ్లాలి, వెళ్లని ఇల్లు తప్పు కట్టాలి. అది ఊరి కట్టుబాటు. ఆ పిలుపు నాది. "గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. ఇంటికొక మనిషి చొప్పున, పారలు తీసుకుని, వెంటనే కాలువ గట్టు మీదికి రావలసిందిగా కోరుతున్నాము." నేనలా అన్నానంటే తలుపులు తెరుచుకునేవి. చుట్టలు ఆరిపోయేవి. ప్రెసిడెంటు గారి కొడుకు కూడా పార పుచ్చుకుని వచ్చేవాడు.

ఆ రోజూ అదే పిలుపు పిలిచాను. పంచాయతీ ప్రెసిడెంటు గారు పిలవమన్నారు, పిలిచాను. పూడిక పనేమో అనుకున్నాను. మైకు వాడికీ గొట్టానికీ తేడా ఏముంది, పైనుంచి వచ్చింది కిందికి వదలడమేగా.

మగవాళ్లంతా గట్టు మీదికొచ్చారు. వంతెన దాటారు. అవతల పల్లెలో ఆదివారం ప్రార్థన అయ్యి జనం అప్పుడే బయటికొస్తున్నారు. ఆరుగురు పోయారు. శౌరమ్మ భర్త అందులో ఒకడు.

నలభై ఏళ్లు కావస్తోంది.

పూడికే అనుకున్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

వెళ్లకూడదనుకున్నాను. జ్వరమొచ్చిందన్నాను. రామతులసి నుదురు మీద చెయ్యేసి "చల్లగా ఉన్నారు" అంది. వెళ్లాను.

రేపట్నుంచి మేరీమాత ఉత్సవాలు. రోడ్డంతా జనం, బొమ్మల కొట్లు, చెరుకు రసం బళ్లు. అబ్రహాము అక్కను నడిపించుకుంటూ వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, కంటి ఆపరేషన్ కళ్లజోడు, లేత నీలం చీర. అందరికీ నమస్కారం పెట్టింది. నాకూ పెట్టింది, అందరికీ పెట్టినట్టే.

"నాకు పెద్ద మాటలు రావండీ. మా తమ్ముడు మీ మూడు గుర్తులు చెప్పాడు. మాదానికి పెట్టి చూద్దామని వచ్చాను" అంది.

"చెప్పండమ్మా" అన్నారు జానకిరామ్ గారు.

"వెదుళ్లపాడండీ. ఊళ్లో మొగోళ్లంతా మా పల్లె మీదికొచ్చారు. మా ఆయన్ని పేరెట్టి పిలవలేదు. గుడిలోంచి ముందు బయటికొచ్చింది ఆయన, అంతే. కనపడ్డ మొగోడినల్లా పారలతో కొట్టారు. ఆరుగురు. ఆదివారం పోతే బుధవారానికి పల్లె ఖాళీ అయింది. మళ్లీ ఎవరం ఎనక్కి పోలేదు. రెండో గుర్తూ మూడో గుర్తూ సరిపోయినాయా అండీ?"

ఇడ్లీ ప్లేట్లు సర్దే చప్పుడు.

"అప్పట్లో పేపర్లు దాన్ని ఇరువర్గాల ఘర్షణ అని రాశాయమ్మా" అన్నారు జానకిరామ్ గారు కాస్త ఇబ్బందిగా.

"ఘర్షణంటే రెండు పక్కలా కొట్టుకోవాలిగదండీ. మా పక్క నుంచి తిరిగి కొట్టినోడు ఒక్కడుంటే పేరు చెప్పమనండి, ఆదివారం పూజలో వాడి పేరు చదివిస్తాను."

అబ్రహాము "అక్కా" అన్నాడు మెల్లగా.

"మొదటి గుర్తు ఒకటుందమ్మా" అన్నారు జానకిరామ్ గారు. "ముందే అనుకుని చేశారా, మాటా మాటా పెరిగి ఆవేశంలో జరిగిందా అన్నది. దాని మీదే ఆధారపడి ఉంది."

"మైకులో పిలిచారండీ."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. కింద పెట్టాను.

"ఇంటికొక మనిషి రావాలని మైకులో పిలిచారు. నేను బట్టలారేస్తా విన్నాను. కోర్టులో చెప్పాను. ఆ మైకాయన, సెట్టు కాలిపోయి రిపేరుకిచ్చానని పోలీసులకు రాసిచ్చాడంట. వాళ్ల ప్లీడరు నన్నడిగాడు, అమ్మా, నీకు చెవిలో జబ్బేమన్నా ఉందా అని. కోర్టంతా నవ్వారు. అయ్యాక మా వాళ్లే నాకు పేరు పెట్టారు, మైకు శౌరమ్మ అని. ఎవురన్నా లేనిది చెబితే, 'ఇదీ మైకు శౌరమ్మకు చెల్లెలే' అంటారు. నా కోడలు కూడా అంటది."

రిపేరుకిచ్చానని నేను రాసిచ్చింది నిజం. అది నాలుగో తేదీ రాసినదాంట్లో రాలేదు. కాగితం అయిపోయిందనుకుంటా.

జానకిరామ్ గారు నా వైపు తిరిగారు. "మన హనుమయ్య గారు ముప్పై ఏళ్లు రేడియోలు, మైకులు బాగుచేసిన మనిషి. మీరు చెప్పండి సార్, కాలువ అవతలి దాకా వినపడుతుందా?"

చెప్పాను. పది నిమిషాలు చెప్పాను. ఇరవై అయిదు వాట్ల సెట్టుకు ఎంత దూరం, గొట్టం ఎటు తిరిగితే ఎంత, నీళ్ల మీద శబ్దం ఎలా జారుతుంది, పడమటి గాలికి రెండు మైళ్ల అవతలి పెళ్లిపాట మన పెరట్లో మోగినట్టు ఎలా ఉంటుంది. మంగళగిరి తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లవాడి కథ కూడా చెప్పాను, నవ్వారు. చివరికి, "ఆవిడకు వినపడ్డమాట నిజమే అయ్యుంటుంది. అయితే అది ఏ ఊరి మైకో, దేనికి పిలిచిన పిలుపో, ఆ దూరంలో చెప్పడం కష్టం" అన్నాను.

శౌరమ్మ నా వంక కాసేపు చూసింది. "అంతేలెండి" అని కూర్చుంది.

ఓటు పెట్టారు. ఉగ్రవాదం కాదు, ఆవేశంలో జరిగిన సామూహిక హింస అన్నదానికి పన్నెండు చేతులు లేచాయి.

ఒకటి నాది.

ఫిబ్రవరి 9

నడకకు అబ్రహాము మామూలుగానే వచ్చాడు.

"మీరు మంచి పని చేశారన్నగారూ" అన్నాడు. "అక్క ఇంక మైకు సంగతి ఎత్తనంది. నా చెవులదే తప్పేమోరా, ఏదో పెళ్లి మైకు విని ఉంటాను, లేనిపోనిది కోర్టులో చెప్పి కేసు పాడుచేశానేమో అంటోంది. రాత్రంతా అదే."

టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

ఫిబ్రవరి 11, బుధవారం

రామతులసి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. నేను కూర్చుంటే ఆవిడకు తెలిసిపోతుంది.

"తులసీ, ఆ రోజు పూడికనేగా నేను పిలిచింది?"

"ఏ రోజు?" అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

"శ్రావణమాసంలో పూడికేంటండీ? కాలువ నిండా నీళ్లు పోతుంటే పార ఎక్కడ పెడతారు?"

"అదే... గట్టు తెగిందేమో అని..."

"ఆదివారం పొద్దున. శుక్రవారం నేను వరలక్ష్మీవ్రతం చేశాను. ఆ వాయనం శనగలు తింటా తీగలు సరిచేశారు మీరు. నేనడిగాను, ఎందుకండీ ఇవాళ మైకూ అని. 'నీకెందుకు, లోపలికి పో' అన్నారు. అద్దంలో చూసుకుని మీసం దువ్వుకున్నారు. మైకులో మాట్లాడ్డానికి మీసం దేనికో నాకర్థం కాలేదు."

"నీకు తెలుసా అప్పుడు?"

"ఊళ్లో ఆడదానికల్లా తెలుసు. ముందురోజు రాత్రి ఏ ఇంట్లోనూ మగవాళ్లు అన్నం సరిగ్గా తిన్లేదు. నేనూ నోరు మూసుకున్నాను. నాకు భయమేసింది." చిక్కుడుకాయ విరిచింది. "మీకు భయం కూడా లేదండీ. మీకు సంబరంగా ఉంది."

నేను లేచి పెరట్లోకి వెళ్లాను. ఇంకా నయం, ఆవిడ గొంతు పెంచలేదు.

సంబరం సంగతి రాయాలి. ఆ ఏడు ఆగస్టు పదిహేను శుక్రవారం పడింది. పొద్దున బళ్లో జెండాకు నా మైకు. మధ్యాహ్నం తర్వాత పల్లెవాళ్లు మరియమాత పండగకు అద్దెకు తీసుకున్నారు. వాళ్ల ఊరేగింపు నా గొట్టాలతో, మొట్టమొదటిసారి, ఊరి పెద్దబజారు మీదుగా వచ్చింది. అరుగుల మీదున్నవాళ్లెవరూ కిందికి దిగలేదు, ఏమీ అనలేదు. సాయంత్రానికి నాతో మాట్లాడేవాడు లేడు. దుకాణంలో బీడీకట్ట అడిగితే లేవన్నాడు, కళ్లెదురుగా పెట్టుకుని. శనివారం చీకటి పడ్డాక ప్రెసిడెంటు గారు స్వయంగా మా ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నారు. ఆయన మా గడప తొక్కడం అదే మొదలు. "హనుమయ్యా" అన్నారు. పేరెట్టి. "నీ మైకు ఊరిదా, పల్లెదా?"

ఊరిదేనండీ అన్నాను. రేపు కాలువ దాటుతున్నాం అన్నారు. ఎందుకో చెప్పారు. నేను విన్నాను.

పూడిక అనుకున్నానని రాసినదాన్ని కొట్టెయ్యాలి. కొట్టెయ్యను. అలాగే ఉండనీ, ఎలాంటివాణ్ణో కనపడుతుంది.

ఫిబ్రవరి 12, గురువారం

ఉత్సవాలు అయిపోయాయి. రోడ్డు మీద కొబ్బరి చిప్పలు, కొవ్వొత్తుల మైనం. అబ్రహాము వాళ్ల మేడకు మెట్లు పద్దెనిమిది. మోకాళ్లు ఏమీ నొప్పి పుట్టలేదు.

అబ్రహాము తలుపు తీసి ఆశ్చర్యపోయాడు. "అక్కా, అన్నగారొచ్చారు! పొద్దు ఎటు పొడిచిందో చూడు!" అని కేకేశాడు. కుర్చీ తుడిచాడు. ఆ తుడవడం చూడలేక నిలబడే చెప్పేశాను.

"నాది వెదుళ్లపాడమ్మా. ఆ మైకు నాది. పిలిచింది నేను. రిపేరుకిచ్చానని పోలీసులకు రాసింది నేనే. మొన్న ఆదివారం చెప్పింది కూడా అబద్ధం."

అబ్రహాము చేతిలో గుడ్డ అలాగే ఉంది. శౌరమ్మ కళ్లజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"ఏమని పిలిచారో అనండి."

"అమ్మా..."

"అనండి."

గొంతు సవరించుకున్నాను. "గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. ఇంటికొక మనిషి చొప్పున వెంటనే కాలువ గట్టు మీదికి రావలసిందిగా కోరుతున్నాము."

"పారలొదిలేశారు" అంది.

నిజమే. వదిలేశాను. కావాలని వదల్లేదు. నోరు దానంతటదే దాటేసింది.

"'పారలు తీసుకుని' అన్నారు. రెండుసార్లు చెప్పారు మొత్తం. రెండోసారి 'కోరుతున్నాము' దగ్గర దగ్గొచ్చింది మీకు." ఆవిడ గోడకి ఆనుకుంది. "మొన్న మీరు మైకుల గురించి చెబుతుంటే, ఈ గొంతు ఎక్కడో విన్నానే అనుకున్నాను. నా చెవుల మీద నాకే నమ్మకం లేక ఊరుకున్నాను." తనలో తనే అంది, "అయితే నా చెవులు మంచివే."

అబ్రహాము అప్పుడు నోరు విప్పాడు. "పదకొండేళ్లండీ. పదకొండేళ్లు నా పక్కన నిలబడి టీ తాగారు."

నేను ఆయన చేతిలోని గుడ్డ వంక చూశాను.

"నాకు చెప్పి ఏం లాభమండీ, నాకు తెలిసిందేగా" అంది శౌరమ్మ. "ఆదివారం వాళ్లకు చెప్పండి. చేతులెత్తారుగా, వాళ్లకి."

ఫిబ్రవరి 15, ఆదివారం

శివరాత్రి. సగంమంది కృష్ణలో స్నానాలకు పోయారు, మిగిలినవాళ్లు ఉపవాసం. ఇడ్లీలు లేవు. తొమ్మిదిమందిమి, శౌరమ్మ, అబ్రహాము. అబ్రహాము నాకు దూరంగా, వెనక బల్ల మీద కూర్చున్నాడు.

చెప్పాను. ఊరి పేరు, మైకు, వ్రతం మర్నాడు మంచం మీద కూర్చున్న ప్రెసిడెంటు, ఆదివారం పొద్దున పిలుపు, రిపేరు అబద్ధం, మొన్నటి అబద్ధం, ఎత్తిన చెయ్యి. ఏదీ దాచలేదు.

దాచలేదు గానీ ఇది రాయకపోతే రాసిన ప్రయోజనం లేదు: ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాను. పిలుపు చెప్పే ముందు గొంతు తగ్గించాను. అందరూ ముందుకు వంగారు. వాళ్లు వంగడం నాకు తెలిసింది, బాగుంది కూడా. డెబ్బై రెండేళ్లొచ్చాయి, ఆరుగురి చావు చెబుతూ గొంతు చూసుకుంటున్నాను.

అయ్యాక జానకిరామ్ గారు వచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. కళ్లలో నీళ్లు. "ఎంత ధైర్యం సార్ మీది! ఈ వయసులో!" అన్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. శౌరమ్మ అటు చూడగానే ఆగిపోయాయి.

"మిత్రులారా, మొదటి గుర్తు కూడా రుజువైంది" అన్నారు జానకిరామ్ గారు. "పోయిన వారం తీర్మానం మారుద్దాం. ఇది ఉగ్రవాదమే అనేవాళ్లు చేతులెత్తండి." తొమ్మిది చేతులూ లేచాయి.

"దించండి బాబూ" అంది శౌరమ్మ. "మొన్న ఎత్తిన చేతులేగా. ఎనిమిది రోజులైనా కాలేదు."

"అది కాదమ్మా, సరైన పేరు పెట్టడం..."

"పెట్టుకోండి. నలభై ఏళ్లు గొడవన్నారు, ఘర్షణన్నారు, ఇప్పుడిదంటారు. మంచిదే, మా వాళ్లకూ చెప్తాను. నాకు ఇంకో సంగతి కావాలి." నా వైపు తిరిగింది. "పిలిచారు. ఒప్పుకున్నారు. ఇంటికొక మనిషి అన్నది ఎవరి మాటండీ? ప్రెసిడెంటుదా, మీదా?"

"ఆయనదేనమ్మా" అన్నాను. ప్రెసిడెంటు పోయి ఇరవై ఏళ్లు.

ఆవిడ తలూపింది. అబ్రహాము ఒక తెల్ల కాగితం మీద నేను చెప్పిందంతా రాసుకొచ్చాడు. ఆరు కుటుంబాలవాళ్లకూ తలొక నకలు ఇస్తారట. సంతకం పెట్టమన్నాడు. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానన్నాను. బుధవారం వచ్చి పెడతానన్నాను.

కళ్లజోడు జేబులోనే ఉంది.

ఫిబ్రవరి 16, సోమవారం

శనివారం చీకటి పడ్డాక, మా మంచం మీద, ప్రెసిడెంటు గారు అన్న మాట ఇది: "ఓ ముప్పై మంది గట్టివాళ్లు చాలు హనుమయ్యా. పేర్లు రాసిస్తాను, మైకులో పిలువు. పిలిచాక ఎవడూ వెనక్కి పోలేడు."

నేను ఆలోచించాను. చదువుకున్నవాణ్ణి కదా. "పేర్లు వద్దండీ" అన్నాను. "రేపు ఎవరైనా అడిగితే ఆ ముప్పై మందికీ ఇబ్బంది. ఇంటికొక మనిషి అందాం. పూడికకు పిలిచినట్టుంటుంది. బయటివాడికి అనుమానం రాదు. ఊళ్లోవాడికి సంగతి తెలుసు, ఆగడు. పారలు కూడా అందులోనే వచ్చేస్తాయి."

ఆయన నా భుజం తట్టాడు. "నువ్వు ఈ ఊళ్లో ఉండాల్సినవాడివి కాదయ్యా" అన్నాడు. ఆ మాట నేను ఎన్నేళ్లు దాచుకున్నానో. విజయవాడొచ్చి రేడియోలు బాగుచేసుకుంటూ, బేరం లేని మధ్యాహ్నాల్లో, ఆ మాట తీసి చూసుకునేవాణ్ణి. ఆ తర్వాత జరిగింది దానికి అంటకుండా, విడిగా.

నూట ముప్పై గడపల ఊరు. నూట ముప్పై ఇళ్ల నుంచీ ఒక్కొక్కరు వచ్చారు. పోలీసులొచ్చినప్పుడు, నేను చూశాను అనేవాడు ఒక్కడూ లేడు. చూశానంటే ఆ గుంపులో వాడి తండ్రి ఉన్నాడు, లేదంటే తమ్ముడున్నాడు, లేదంటే వాడే ఉన్నాడు.

ఆ రోజు మా ఇంటి నుంచి ఎవరు వెళ్లారని ఎవరూ అడగలేదు. మా ఇంటి మనిషి మైకు దగ్గరున్నాడుగా.

ఫిబ్రవరి 17

నడకకు వెళ్లలేదు.

ఫిబ్రవరి 18, బుధవారం

రామతులసి కూడా వస్తానంది. మెట్ల దగ్గర ఆగి, "మీరెళ్లండి, నేను కింద ఉంటాను" అంది. ఉంది.

శౌరమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. అబ్రహాము లోపల గదిలోంచి వచ్చాడు, కుర్చీ తుడవలేదు. కూర్చోమనలేదు కూడా.

"సంతకం పెట్టే ముందు ఒకటి మార్చాలమ్మా" అన్నాను. "ఇంటికొక మనిషి అన్నది ఆయన మాట కాదు. ఆయన ముప్పై మందిని పేర్లతో పిలవమన్నాడు. నేనే మార్చాను."

ఈసారి ఎక్కడా ఆగలేదు, గొంతు తగ్గించలేదు. త్వరగా, ముద్ద ముద్దగా చెప్పాను. ఎందుకు మార్చానో కూడా చెప్పాను. భుజం తట్టిన సంగతీ చెప్పాను.

ఎక్కడో కుక్కరు కూత వేసింది.

"ముప్పై మందే వచ్చుంటే మా ఆయన బతికేవాడా అని అడగాలని ఉంది" అంది. "అడగను. బతికేవాడు కాదు. మమ్మల్ని చంపడానికి ముప్పై మంది చాలా ఎక్కువ."

"అమ్మా..."

"కానీ మిగతా వంద ఇళ్లు ఉన్నాయిగదండీ. వంద ఇళ్లలో ఒక్కడన్నా ఉండేవాడు, నేను చూశానని చెప్పేవాడు. నా పక్కన బోనులో నిలబడేవాడు. ఒక్కడు చాలు నాకు. ఆ ఒక్కణ్ణి మీరు తీసేశారు."

అబ్రహాము కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"అది కూడా రాయండి" అంది. "మా తమ్ముడి రాత వద్దు, మీ చేత్తో."

అబ్రహాము కాగితం, పెన్ను తెచ్చాడు. చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాను. అబ్రహాము ఆ జేబు వంక చూశాడు.

రాశాను. "ఇంటికొక మనిషి అన్నమాట నాది. దాని వల్ల ఊళ్లో సాక్షి లేకుండా పోయాడు." కింద సంతకం పెట్టి, ఊరి పేరు రాసి, అలవాటు కొద్దీ ఒకసారి చదువుకున్నాను. పొందిగ్గా కుదిరిందే అనిపించింది.

అలా అనిపించాక తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను. కాగితం బల్ల మీదే వదిలేసి మెట్లు దిగాను.